శనివారం మూడు గంటల ఆట

సికింద్రాబాద్‌లో శనివారం రాత్రి ఏడున్నర. టీవీలో ఇంగ్లాండ్ ప్రీమియర్ లీగ్ మ్యాచ్ మొదలవుతోంది. అక్కడ అప్పుడు మధ్యాహ్నం మూడు గంటలు. ఇక్కడ కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చున్న మామయ్యకు కనిపిస్తున్న ఈ ఆట, అది జరుగుతున్న ఊళ్ళో టికెట్ దొరక్క ఇంట్లో ఉండిపోయిన మనిషికి కనిపించదు. శనివారం 2.45 నుంచి 5.15 దాకా బ్రిటన్‌లో ఏ ఫుట్‌బాల్ మ్యాచ్‌నీ టీవీలో ప్రత్యక్షంగా చూపించకూడదన్న నియమం 1960ల నుంచి ఉంది. దాని కోసం పట్టుబట్టిన మనిషి బర్న్‌లీ క్లబ్ చైర్మన్ బాబ్ లార్డ్. పెద్ద జట్టు ఆట ఇంట్లోనే కనిపిస్తే చిన్న ఊరి మైదానానికి ఎవరొస్తారన్నది ఆయన భయం.

ఆ భయం నిజమైందా, లేదా అన్న దగ్గరే ఆ ఇంట్లో వాదన మొదలైంది.

మామయ్యకు డెబ్బై దాటాయి. రైల్వేలో ఉద్యోగం చేస్తూ రైల్వే జట్టులో హాఫ్ బ్యాక్‌గా ఆడిన మనిషి. మేనకోడలు ఆడిటర్. 2019లో పై చదువుకి మాంచెస్టర్ వెళ్ళి రెండేళ్ళు ఉండి వచ్చింది. వయసుల్ని బట్టి ఎవరిది ఏ పక్షమో ఊహిస్తే పొరపాటు పడతాం. టీవీ డబ్బు ఫుట్‌బాల్‌కు ప్రాణం పోసిందనేది పెద్దాయన. చిన్న ఊళ్ళ ఆట ప్రాణం తీసిందనేది ఆ అమ్మాయి.

"నేను మాంచెస్టర్‌లో దిగిన నెలకు ట్రామ్ ఎక్కి బరీ అనే ఊరికి వెళ్ళాను మామయ్యా. గట్టిగా పదమూడు కిలోమీటర్లు. 1885లో పుట్టిన క్లబ్ వాళ్ళది. మైదానం పేరు గిగ్ లేన్. నేను వెళ్ళేసరికి గేట్లకు తాళాలున్నాయి. కటకటాలకు జట్టు మఫ్లర్లు కట్టి వెళ్ళిపోయారు జనం. ఆ ఆగస్టు 27న లీగ్‌లోంచి ఆ క్లబ్‌ను తీసేశారు. నూటపాతికేళ్ళు సభ్యులుగా ఉన్నవాళ్ళని! అంతకు ముందు సీజన్‌లోనే గెలిచి పై డివిజన్‌కు వెళ్ళిన జట్టది."

ఆమె ఇంకొకటి చెప్పింది, అది విన్నాక మామయ్య టీవీ శబ్దం తగ్గించాడు. 1903లో ఇంగ్లాండ్ ఎఫ్.ఏ. కప్ ఫైనల్లో బరీ జట్టు డెర్బీ కౌంటీని 6-0తో ఓడించింది. ఫైనల్లో అంత తేడాతో గెలిచిన జట్టు మళ్ళీ నూటపదహారేళ్ళ దాకా లేదు. 2019 మేలో మాంచెస్టర్ సిటీ వాట్‌ఫర్డ్‌ను సరిగ్గా 6-0తో ఓడించి ఆ రికార్డును అందుకుంది. నాలుగు నెలలు తిరగకముందే పాత రికార్డు సొంతదారు లీగ్‌లోనే లేకుండా పోయింది. రెండు మైదానాల మధ్య ట్రామ్ ప్రయాణమంత దూరం.

"బాధగానే ఉందమ్మా. కానీ దానికీ టీవీకీ ఏంటి సంబంధం? ఒక్క పౌండుకు క్లబ్ కొన్నాడట ఆ యజమాని. అప్పులు తీర్చే డబ్బు తన దగ్గరుందని లీగ్‌కు రుజువు చూపించలేకపోయాడు. అంతకు ముందున్నాయన తాహతుకు మించి ఖర్చు పెట్టాడు. ఇంటి పెద్ద ఇల్లు గుల్ల చేస్తే ఊళ్ళో బ్యాంకును తిడతామా?"

"తాహతుకు మించి ఎందుకు పెడతారు మామయ్యా? పైన అంత డబ్బు కనిపిస్తుంటే, ఒక్క మెట్టు, ఇంకొక్క మెట్టు ఎక్కితే చాలనిపిస్తుంది. ఆ ఆశ పుట్టించింది ఎవరు?"

పెద్దాయన వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపాగి సికింద్రాబాద్‌లోని అమ్ముగూడ సంగతి ఎత్తాడు. అక్కడ పుట్టిన తులసీదాస్ బలరాం 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడాడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. 2023లో కోల్‌కతాలో కన్నుమూశాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు సాధనకు రావడానికి సైకిల్ అద్దె డబ్బులు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఇచ్చేవారట.

"రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా ఐదేళ్ళు వరసగా బొంబాయిలో రోవర్స్ కప్ కొట్టింది. మెల్‌బోర్న్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది కూడా ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే. మన వీధుల్లో పిల్లల్ని అడుగు, ఒక్కడైనా వాళ్ళ పేర్లు చెబుతాడేమో! ఆడిన వాళ్ళకు మిగిలింది పోలీసు ఉద్యోగమో, రైల్వే ఉద్యోగమో. హైదరాబాద్‌కు దూరదర్శన్ వచ్చింది 1977లో. అప్పటికి ఆ తరం అయిపోయింది. కనపడని ఆట ఎలా ఆరిపోతుందో నేను కళ్ళారా చూశాను. నువ్వు బరీ గేటు తాళం చూశావు. నేను గేటే లేని మైదానాలు చూశాను."

ఈ మాటలో కొట్టిపారేయడానికి వీల్లేని బరువుంది. అయితే ఆయన అక్కడితో ఆగకుండా ఇంగ్లాండ్‌నే సాక్షిగా పిలిచాడు. 1985లో ఆ దేశపు క్లబ్బులకూ టీవీ సంస్థలకూ బేరం కుదరక సగం సీజన్ అసలు ఏ బొమ్మా తెరమీదికి రాలేదు. అదే ఏడు మే నెలలో బ్రాడ్‌ఫర్డ్ మైదానంలో పాత చెక్క స్టాండు తగలబడి 56 మంది చనిపోయారు. 1989లో హిల్స్‌బరో తొక్కిసలాట 97 మందిని బలి తీసుకుంది. ఆ తర్వాత పై రెండు డివిజన్ల మైదానాల్లో నిలబడి చూసే అరుగులు తీసేసి అందరికీ కుర్చీలు వేయాల్సి వచ్చింది. "పన్నుల సొమ్ము కొంత వచ్చి ఉండొచ్చు. కానీ ఆ తర్వాత అంత పెద్ద స్టేడియాలు లేచి నిలబడ్డాయంటే, జీతాలిచ్చి ప్రపంచంలోని మంచి ఆటగాళ్ళను తెచ్చుకున్నారంటే అది టీవీ సొమ్మే కదా" అన్నాడు.

మేనకోడలు ఇక లెక్కల్లోకి దిగింది. ఆమె వృత్తే అది. 1983లో ఇంగ్లాండ్ లీగ్ మ్యాచ్‌ల ప్రత్యక్ష ప్రసారానికి బీబీసీ, ఐటీవీ కలిసి రెండేళ్ళకు ఇచ్చింది 52 లక్షల పౌండ్లు. ఆ రోజుల్లో నాలుగు డివిజన్లలోని 92 క్లబ్బులూ టీవీ డబ్బును సమానంగా పంచుకునేవి. ఛాంపియన్‌కూ అడుగునున్న జట్టుకూ ఏడాదికి తలా ముప్ఫై వేల పౌండ్ల లోపే. ఇంకో పాత కట్టుబాటు కూడా ఉండేది. సొంత మైదానంలో ఆడే జట్టు టికెట్ రాబడిలో కొంత భాగం ఎదుటి జట్టు చేతిలో పెట్టాలి. ఆ కట్టుబాటును 1983లోనే తీసేశారు. 1986కల్లా టీవీ డబ్బులో సగం మొదటి డివిజన్‌కే అన్నారు. 1988లో ఐటీవీ నాలుగేళ్ళకు 4.4 కోట్ల పౌండ్లు ఇచ్చేసరికి ఆ సగం కాస్తా ముప్పాతిక అయింది. 1992లో ముప్పాతిక కూడా చాలక మొదటి డివిజన్ మొత్తం విడిపోయి ప్రీమియర్ లీగ్ అనిపించుకుంది. శాటిలైట్ టీవీ సంస్థ స్కైతో, బీబీసీతో ఐదేళ్ళకు 30.4 కోట్ల పౌండ్ల ఒప్పందం.

"ఒక్కో మెట్టు మీద ఒకే బెదిరింపు మామయ్యా. వాటా పెంచకపోతే వెళ్ళిపోతాం. పెంచినప్పుడల్లా తీసుకున్నారు, చివరికి వెళ్ళిపోయారు. టీవీ రాక ముందు ధనికులూ పేదలూ లేరని నేననను. ఒకే పంక్తిలో కూర్చుని తినేవాళ్ళు. ఇప్పుడు వేరే ఇల్లు కట్టుకుని తలుపేసుకున్నారు."

"ఆ ఇంట్లో ఎలా వడ్డించుకుంటున్నారో చూశావా మరి?" అని పట్టుకున్నాడు మామయ్య. ఈ విషయం ఆయనకు కంఠతా. ప్రీమియర్ లీగ్ మొదటి నుంచీ పాటించిన పద్ధతిలో దేశంలోని ప్రసార హక్కుల డబ్బు సగం అందరికీ సమానం, పావు వంతు పట్టికలో స్థానాన్ని బట్టి, మిగతా పావు టీవీలో ఎన్నిసార్లు కనిపించారన్న దాన్ని బట్టి. విదేశాల డబ్బు 2019 దాకా పూర్తిగా సమానం, ఆ తర్వాత పెరిగిన సొమ్ములో మాత్రం స్థానాన్ని బట్టి తేడా. 2016-17లో గెలిచిన చెల్సీకి 15 కోట్ల పౌండ్లు వస్తే, అట్టడుగున మిగిలిన సండర్లాండ్‌కు 9.3 కోట్లు వచ్చాయి. రెండు రెట్ల తేడా కూడా లేదు. స్పెయిన్‌లో 2015లో ప్రభుత్వం చట్టం తెచ్చేదాకా ఏ క్లబ్ హక్కులు ఆ క్లబ్బే అమ్ముకునేది. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా చెరో 14 కోట్ల యూరోలు పట్టుకుపోతే, చిన్న క్లబ్బులకు అందులో ఏడో వంతో ఎనిమిదో వంతో దక్కేది.

"2016లో లెస్టర్ ప్రీమియర్ లీగ్ ఎలా గెలిచిందనుకున్నావ్? సీజన్ మొదట్లో ఒకటికి ఐదు వేలు ఇస్తామన్నారు పందేలవాళ్ళు. సమానంగా పంచే లీగ్‌లోనే అలాంటిది జరుగుతుంది. స్పెయిన్‌లో జరిగిందా? జర్మనీలో బయర్న్ మ్యూనిక్ 2013 నుంచి 2023 దాకా వరసగా పదకొండుసార్లు గెలిచింది, అక్కడ జరిగిందా?"

వంటింట్లోంచి మొక్కజొన్న గారెల పళ్ళెంతో వచ్చిన అత్తయ్య ఒక్క ప్రశ్న వేసింది. "ఇంతకీ ఇన్ని కోట్లు ఎవరు కడుతున్నారు?"

ఇద్దరూ ఒకేసారి జవాబు చెప్పబోయారు. ఎక్కువ భాగం కట్టేది నెలనెలా చందా కట్టి చూసేవాళ్ళు. 1992లో అప్పులతో సతమతమవుతున్న స్కైకి జనం చేత డిష్ కొనిపించడానికి ఫుట్‌బాల్ కావాల్సి వచ్చింది. అప్పట్లో ఏడాదికి 60 మ్యాచ్‌లు చూపించేవారు. 2016 నుంచి మూడేళ్ళకు 513.6 కోట్ల పౌండ్లు, ఏడాదికి 168 మ్యాచ్‌లు. 2025 నుంచి నాలుగేళ్ళకు 670 కోట్లు, ఏడాదికి కనీసం 267 మ్యాచ్‌లు. మేనకోడలు ఫోన్‌లో భాగహారం చేసి చూపించింది. 2016లో ఒక్క మ్యాచ్ ధర కోటి పౌండ్లు దాటితే ఇప్పుడు 63 లక్షలకు దగ్గర్లో ఉంది. సరుకు పెంచి మొత్తాన్ని నిలబెట్టుకుంటున్నారన్నమాట. 2022 విడత నుంచి విదేశీ హక్కుల రాబడి స్వదేశీ రాబడిని దాటిపోయింది. అంటే సికింద్రాబాద్‌లో ఈ కుర్చీకి కూడా అందులో ఒక పైసా వాటా ఉంది.

"లెస్టర్ సంగతి ఒప్పుకుంటాను" అంది ఆమె. "ఆ ఇంట్లో వడ్డన బాగానే ఉంది. మరి గుమ్మం బయట? 2023-24లో షెఫీల్డ్ యునైటెడ్ ప్రీమియర్ లీగ్‌లో ఆఖరి స్థానంలో నిలిచి కిందికి పడిపోయింది. అయినా ఆ ఏడు దాని వాటా దాదాపు 11 కోట్ల పౌండ్లు. కింది మూడు డివిజన్లలోని 72 క్లబ్బులు కలిసి 2024 నుంచి స్కైతో చేసుకున్న ఒప్పందం ఐదేళ్ళకు 93.5 కోట్లు. ఏడాదికి 18.7 కోట్లు. ఓడి పడిపోయిన ఒక్క క్లబ్ చేతికి, 72 క్లబ్బుల ఏడాది ఒప్పందంలో సగానికి పైగా! ఇది ఆటలో గెలుపోటముల తేడానా, పుట్టుకల తేడానా?"

దాని మీద ఇంకో పొర ఉంది. పడిపోయిన క్లబ్ ఒక్కసారిగా కుప్పకూలకుండా ప్రీమియర్ లీగ్ మూడేళ్ళ దాకా ఊతం ఇస్తుంది. మొదటి ఏడు సమాన వాటాలో 55 శాతం, రెండో ఏడు 45, మూడో ఏడు 20. పారాచూట్ డబ్బు అంటారు దాన్ని. దెబ్బ తగలకుండా దిగడానికి ఇచ్చిన ఆ గొడుగు, కింది డివిజన్‌లో పక్కవాళ్ళను తొక్కి మళ్ళీ పైకెగరడానికి పనికొస్తోంది. ఎగిరినా నిలబడుతున్నారా అంటే అదీ లేదు. 2023లో పైకి వెళ్ళిన లూటన్, బర్న్‌లీ, షెఫీల్డ్ యునైటెడ్ మూడూ ఏడాదికే కిందికి వచ్చాయి. 2024లో వెళ్ళిన లెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్ మూడూ అంతే.

ఇక్కడ వాదన మేనకోడలి వైపే మొగ్గిందని చెప్పాలి. మామయ్య మెచ్చుకున్న సమాన వాటా సూత్రం నిజంగా గొప్పదైతే, అది ఇరవయ్యో స్థానం దగ్గర ఎందుకు ఆగిపోవాలో చెప్పడం ఎవరికైనా కష్టం. 1992లో గీసిన గీత ప్రకృతి గీసింది కాదు. కొందరు పెద్దమనుషులు బల్ల చుట్టూ కూర్చుని గీసుకున్నది. ఆ బల్ల దగ్గర బరీ ఊరివాళ్ళు లేరు.

మామయ్య ఓడిపోయినట్టు మాట్లాడలేదు. "డబ్బు వచ్చాక పంచుకోవడం గురించి నువ్వు కొట్లాడుతున్నావు, మంచిదే. రాకముందే ఖర్చు పెట్టేవాళ్ళ సంగతేంటి? అది ఇంకా ప్రమాదం" అన్నాడు. వాదన ఇక్కడ ఇద్దరి చేతుల్లోంచీ జారి కాసేపు ఒకే దిక్కుగా ప్రవహించింది.

ఎందుకంటే ఫ్రాన్స్ కథ ఇద్దరికీ తెలుసు. 1984లో మొదలైన నాటి నుంచీ కెనాల్ ప్లస్ ఛానల్ ఆ దేశపు లీగ్‌కు పెద్ద అండ. 2018లో మీడియాప్రో అనే స్పెయిన్ సంస్థ వచ్చి, 2020 నుంచి నాలుగేళ్ళకు ఏడాదికి 80 కోట్ల యూరోల పైచిలుకు ఇస్తామంది. పాత నేస్తాన్ని పక్కన పెట్టేశారు. రాబోయే డబ్బు లెక్కవేసుకుని క్లబ్బులు ఆటగాళ్ళతో ఒప్పందాలు రాసుకున్నాయి. ఆగస్టులో ఆట మొదలైంది, ప్రసారం మొదలైంది. అక్టోబరులో కట్టాల్సిన వాయిదా రాలేదు. డిసెంబరుకు ఒప్పందమే రద్దు. తర్వాత అమెజాన్ చాలా మ్యాచ్‌లను ఏడాదికి 25 కోట్ల యూరోలకే పట్టుకుపోయింది. 2024లో వచ్చిన డాజోన్ కూడా ఏడాదికే వెళ్ళిపోయింది. చివరికి 2025లో లీగ్ తన సొంత ఛానల్ పెట్టుకుంది. ఆరుసార్లు ఛాంపియన్ అయిన బోర్డో క్లబ్ 2024లో నాలుగో అంచెకు జారి వృత్తి ఆటగాళ్ళ క్లబ్ అన్న హోదానే వదులుకుంది. దాని అప్పులకు కారణాలు చాలా ఉన్నాయి, కానీ రాని టీవీ వాయిదా వాటిలో చిన్నదేమీ కాదు.

ఇంగ్లాండ్‌కు ఈ పాఠం అంతకు ముందే అందింది. ఐటీవీ డిజిటల్ కింది మూడు డివిజన్లకు మూడేళ్ళకు 31.5 కోట్ల పౌండ్లు ఇస్తానని ఒప్పుకుని 2002లో కూలిపోయింది. ఇంకా 17.85 కోట్లు రావాలి. మాతృసంస్థలు పూచీ ఉన్నాయన్న రాత ఒప్పందంలో సరిగ్గా లేకపోవడంతో లీగ్ కోర్టులో ఓడింది. ఆ దెబ్బకు దివాలా అంచుకు వెళ్ళిన క్లబ్బుల్లో, తర్వాత లీగ్ గెలిచిన లెస్టర్ కూడా ఉంది.

"మీరు లెస్టర్ గెలుపు చెప్పారు. ఈ లెస్టర్ కూడా చెప్పాలి కదా మామయ్యా" అంది ఆమె నెమ్మదిగా.

"చెప్పాలి" అన్నాడాయన.

సగం ఆట అయ్యింది. తెర మీద ప్రకటనలు. మామయ్య గారె తుంచుతూ టికెట్ల సంగతి ఎత్తాడు. ఎదుటి ఊరి అభిమానులకు టికెట్ 30 పౌండ్లు మించకూడదని ప్రీమియర్ లీగ్ క్లబ్బులు 2016లో ఒప్పుకున్నాయి. టీవీ సొమ్ము ఉండబట్టే అది సాధ్యమైందని ఆయన మాట.

"సొమ్ము 2015 ఫిబ్రవరిలోనే ఖాయమైంది మామయ్యా. ఏడాది గడిచాక లివర్‌పూల్ వాళ్ళు ఏం చేశారో తెలుసా? కొత్త స్టాండులో ఖరీదైన టికెట్ 77 పౌండ్లు అని ప్రకటించారు. 2016 ఫిబ్రవరి 6న సండర్లాండ్‌తో మ్యాచ్. లివర్‌పూల్ 2-0తో ముందుంది. సరిగ్గా 77వ నిమిషానికి దాదాపు పదివేల మంది లేచి బయటికి నడిచారు. సొంత జట్టు గెలుస్తుంటే! వాళ్ళు వెళ్ళాక సండర్లాండ్ రెండు గోల్స్ కొట్టి 2-2 చేసింది. ఆ వారంలోనే యజమానులు క్షమాపణ చెప్పి ధర వెనక్కి తీసుకున్నారు. 30 పౌండ్ల పరిమితి వచ్చింది ఆ తర్వాతి నెల. దయతో ఇచ్చింది కాదది."

జర్మనీలోనూ అంతే. టీవీ కోసం పెట్టిన సోమవారం రాత్రి మ్యాచ్‌ల మీద అభిమానులు మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి విసిరి వాటిని 2021 నుంచి ఎత్తివేయించారు. 2024 ఫిబ్రవరిలో ప్రసార ఆదాయంలో బయటి పెట్టుబడిదారుకి వాటా అమ్మే ఆలోచనను కూడా అలాగే మానిపించారు. పనిదినాన వందల కిలోమీటర్లు ప్రయాణించి మ్యాచ్ చూసి, చివరి రైలు తప్పిపోయి, తెల్లవారి ఉద్యోగానికి వెళ్ళాల్సిన మనిషి కోపం అది. టీవీ సంస్థకు ఆ మనిషి అరుపు కావాలి. నిండిన స్టాండు, పాట, జెండా లేకపోతే తెర మీద ఆటకు రంగు రాదు. 2020లో కోవిడ్ కాలంలో ఖాళీ స్టేడియాల మ్యాచ్‌లు చూసిన ఎవరికైనా ఇది తెలుసు, రికార్డు చేసిన కేకలు కలిపి చూపించాల్సి వచ్చింది.

"నువ్వు చెప్పేవన్నీ ఆట బతికున్న ఊళ్ళ కష్టాలు" అన్నాడు మామయ్య. ఈసారి ఆయన గొంతులో వాదించే పట్టుదల కన్నా వేరే ఏదో ఉంది. "2022 మార్చి 20 గుర్తుందా? గోవాలో ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ మీద మన గోల్‌కీపర్ కట్టిమణి పెనాల్టీలు ఆపుతుంటే ఈ కుర్చీలోంచే చూశాను. హైదరాబాద్ ఎఫ్.సి. ఇండియన్ సూపర్ లీగ్ ఛాంపియన్. రహీం సాబ్ పోయిన దాదాపు అరవై ఏళ్ళకు మన ఊరి పేరు మళ్ళీ ఫుట్‌బాల్ కప్పు మీద! టీవీ లేకపోతే నాకు ఆ రాత్రి లేదు."

"మరి ఇప్పుడా జట్టు ఎక్కడుంది మామయ్యా?"

ఆయనకు తెలుసు. 2025లో ఆ జట్టు ఢిల్లీకి వెళ్ళిపోయి పేరు కూడా మార్చుకుంది. అదే ఏడు జూలైలో లీగ్ నిర్వాహకులు కొత్త సీజన్‌ను నిలిపేశారు. 2010లో రిలయన్స్ వర్గంతో దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య చేసుకున్న పదిహేనేళ్ళ ఒప్పందం గడువు ఆ డిసెంబరులో తీరిపోవాల్సి ఉంది, తర్వాత ఏమిటో అప్పటికి తేలలేదు. ప్రసారం, ప్రకటనలు, లీగ్ నడపడం అన్నీ ఒక్క కాగితానికి ముడిపడి ఉంటే, ఆ కాగితం తేదీ ముగిసిన రోజు ఆటగాళ్ళ జీతాలే ప్రశ్నార్థకమవుతాయి. మామయ్య కాలంలో రైల్వే జట్టుకు టీవీ లేదు, కోట్లు లేవు. నెల జీతం మాత్రం ఒకటో తారీఖున వచ్చేది. ఆ మాట ఆయనే అన్నాడు, ఎవరి పక్షానికి అది సాయం చేస్తుందో పట్టించుకోకుండా.

ఇంగ్లాండ్‌లో ప్రభుత్వం ఇప్పుడు బల్ల దగ్గరికి వచ్చింది. 2021లో ఆరు పెద్ద ఇంగ్లాండ్ క్లబ్బులు, పెద్ద క్లబ్బుల కోసమే తలపెట్టిన యూరోపియన్ సూపర్ లీగ్‌లో చేరి, వీధుల్లోకి వచ్చిన అభిమానుల దెబ్బకు రెండు రోజుల్లో వెనక్కి తగ్గాయి. అదీ, బరీ అనుభవమూ కలిసి 2025 జూలైలో చట్టమైంది. క్లబ్ కొనేవాడి తాహతును పరీక్షించే స్వతంత్ర నియంత్రణ సంస్థ వచ్చింది. ప్రీమియర్ లీగ్, కింది డివిజన్లు డబ్బు పంపకంలో రాజీకి రాకపోతే చివరి మాట చెప్పే అధికారం దానికి ఇచ్చారు. మేనకోడలి ఆశంతా దాని మీదే. ప్రభుత్వం చెయ్యి పడిన ఆట బాగుపడటం తాను చూడలేదని మామయ్య సందేహం.

రెండో సగం మొదలైంది. మామయ్య శబ్దం పెంచలేదు.

"బరీలో ఇప్పుడెవరూ ఆడటం లేదా?"

"ఆడుతున్నారు. అభిమానులే డబ్బులు పోగేసి, ప్రభుత్వ నిధి నుంచి పది లక్షల పౌండ్లు తెచ్చుకుని 2022లో గిగ్ లేన్ కొనుక్కున్నారు. 2023లో తొమ్మిదో అంచెలో మళ్ళీ మొదలుపెట్టారు. అంత కింది అంచెలో మ్యాచ్‌కు మూడు వేల మంది వచ్చేవాళ్ళు మామయ్యా."

"శనివారాలేనా?"

"శనివారాలే. మూడు గంటలకు. ఇవాళ కూడా ఉంది, ఇదే టైముకి."

"ఏ ఛానల్‌లో వస్తుంది?"

ఏ ఛానల్‌లోనూ రాదని చెప్పి, ఆమె ఫోన్‌లో క్లబ్ పేజీ తెరిచి ఆయన చేతికిచ్చింది. మామయ్య కళ్ళజోడు సవరించుకుని, టీవీ వైపు చూడకుండా, స్కోరు కోసం వెతకసాగాడు.